చెరువుకు లెక్క కట్టడం: జీవావరణ నమూనాలో ఏది ఉంచాలి, ఏది వదలాలి

హనుమకొండ చుట్టుపక్కల చెరువుల మీద పని మొదలుపెట్టిన తొలినాళ్లలో నేను తయారుచేసిన ఒక నమూనాలో, అంటే చెరువులో జరిగేదాన్ని లెక్కల్లో చూపే మోడల్‌లో, ఇరవైకి పైగా పరామితులు (మనం విలువ ఇవ్వవలసిన అంకెలు) ఉండేవి. నీటి మట్టం, ఉష్ణోగ్రత, భాస్వరం, నత్రజని, వృక్షప్లవకాలు, జంతుప్లవకాలు, నాలుగు జాతుల చేపలు, గుర్రపుడెక్క, చివరకు కొంగలు ఎత్తుకుపోయే చేపపిల్లలకు కూడా అందులో చోటు ఇచ్చాను. మొదటి ఏడాది కొలతలకు అది చక్కగా సరిపోయింది. రెండో ఏడాది మాత్రం ఆ చెరువు నమూనా చెప్పిన తేదీకన్నా నెల రోజులకు పైగా ముందే ఎండిపోయింది. లెక్క తప్పినందుకన్నా, ఆ ఇరవై అంకెల్లో ఏది తప్పిందో కనిపెట్టే దారి దొరకనందుకు నేను ఎక్కువ బాధపడ్డాను. దేన్ని కొంచెం జరిపినా గీత కొలతల మీదికి వచ్చి కూర్చునేది. ఏ అంకెను మార్చినా సరిపోయే నమూనా తన తప్పును తాను చూపించలేదు. కారణం తర్వాత తెలిసింది. దాన్ని సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

జీవావరణ శాస్త్రంలో నమూనాలు కట్టడం మొదలుపెడుతున్న విద్యార్థులను, చెరువుల మీద, అడవుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల వారిని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. ఎక్సెల్ వంటి పట్టిక ఒకటి, చెరువు కట్ట దగ్గర పాతిన కొలబద్ద ఒకటి, ఊరిలో నీటి సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడే ఓపిక ఉంటే చాలు.

ముందు ప్రశ్న

మొదట చేయవలసింది ప్రశ్నను ఒక పూర్తి వాక్యంగా కాగితం మీద రాసుకోవడం. ‘పాకాల చెరువు జీవావరణం’ అనేది ప్రశ్న కాదు, అది ఒక అంశం పేరు మాత్రమే. ‘మత్తడి (అలుగు) పోవడం ఆగిన రోజు నుంచి ఈ చెరువులో కనీసం మీటరు లోతు నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయి?’ అనేది ప్రశ్న. దాని పక్కనే మరో రెండు విషయాలు రాయాలి. మొదటిది, జవాబును బట్టి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు అన్నది. ఇక్కడ మత్స్య సహకార సంఘం వలలు ఎప్పుడు దింపాలో తేల్చుకుంటుంది. రెండవది, జవాబు ఎంత దగ్గరగా ఉంటే ఆ నిర్ణయానికి పనికివస్తుంది అన్నది. వారం రోజులు అటూ ఇటూ అయినా సంఘానికి ఇబ్బంది లేదు, నెల తేడా వస్తే మాత్రం చేపలు చేతికి అందవు.

ఈ మూడు వాక్యాలు రాసుకోగానే నమూనాలో సగం పని అయిపోతుంది. ప్రశ్న మత్తడి ఆగిన తర్వాతి కాలానికి సంబంధించినది కాబట్టి వానకాలంలో చెరువులోకి వచ్చే వరద లెక్కను మొత్తంగా వదిలేయవచ్చు. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకిన నీళ్లే కింది చెరువుకు వరద. ఆ లెక్క కట్టాలంటే పైనున్న ప్రతి చెరువునూ నమూనాలోకి తేవాలి. ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో గమనిస్తే ఆ శ్రమ అంతా తప్పుతుంది, ఎందుకంటే చెరువు నిండి మత్తడి ఆగిన రోజున నీటి మట్టం ఎంతో మనకు కచ్చితంగా తెలుసు: అది మత్తడి ఎత్తు.

అదే చెరువు గురించి మరో ప్రశ్న అడిగితే ఉంచవలసినవి, వదలవలసినవి తారుమారు అవుతాయి. 2023 జూలై 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అటువంటి రోజున కట్ట నిలుస్తుందా లేదా అన్నది ప్రశ్న అయితే రోజుకు కొన్ని మిల్లీమీటర్ల ఆవిరికి లెక్కలో చోటే ఉండదు; గొలుసులోని పై చెరువులన్నీ రావాలి, కాలాన్ని గంటల్లో లెక్కించాలి. కాబట్టి ‘ఈ చెరువుకు మంచి నమూనా ఏది’ అని అడగడంలో అర్థం లేదు, ఏ ప్రశ్నకు అన్నది కూడా చెప్పాలి. అమెరికన్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1966లో రాసిన ఒక పత్రంలో సాధారణత (అన్నిచోట్లా వర్తించడం), వాస్తవికత, కచ్చితత్వం అనే మూడింటినీ ఒకే నమూనాలో గరిష్ఠంగా సాధించడం కుదరదని, ఒకదాన్ని వదులుకోక తప్పదని వాదించాడు. మన చెరువు విషయంలో సాధారణతను వదులుకోవడానికి నేను సిద్ధం. ఈ నమూనా పక్క ఊరి చెరువుకు పనికిరాకపోయినా ఫరవాలేదు.

అతి చిన్న నమూనాతో మొదలు

లెక్క కోసం ఒక చెరువును ఊహించుకుందాం. నిండినప్పుడు 40 హెక్టార్ల విస్తీర్ణం, అంటే దాదాపు 100 ఎకరాలు. కట్ట దగ్గర 4 మీటర్ల లోతు. 8 లక్షల ఘనపు మీటర్ల నీరు. ఆవిరి, ఇంకుడు కలిపి రోజుకు 8 మిల్లీమీటర్లు పోతాయని, యాసంగి వరికి తూము ద్వారా రోజుకు 5,000 ఘనపు మీటర్లు వదులుతారని అనుకుందాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ చెరువు అంకెలు మీరు కొలవాలి.

అన్నింటికన్నా చిన్న నమూనాలో చెరువు నిలువు గోడల తొట్టి. 8 లక్షల ఘనపు మీటర్లను 40 హెక్టార్లతో భాగిస్తే 2 మీటర్ల లోతు వస్తుంది. తూము వల్ల రోజుకు 12.5 మిల్లీమీటర్లు, ఆవిరి, ఇంకుడు వల్ల 8 మిల్లీమీటర్లు, మొత్తం 20.5 మిల్లీమీటర్లు తగ్గుతాయి. అంటే సుమారు 98 రోజులకు తొట్టి ఖాళీ. ఈ లెక్క పావుగంటలో అయిపోతుంది. దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఆ తర్వాత చేర్చే ప్రతి వివరం దీనికన్నా ఎంత మెరుగో తేల్చడానికి ఇదే గీటురాయి.

ఇప్పుడు దీన్ని తీసుకుని ఊరిలోకి వెళ్లాలి. తొట్టి నమూనాలో మట్టం మొదటి రోజు ఎంత తగ్గుతుందో చివరి రోజూ అంతే తగ్గుతుంది. కట్ట మీద పెరిగిన ఏ ముసలాయనను అడిగినా మరోలా చెబుతాడు: ‘నిండుగున్నప్పుడు నెల రోజులైనా కదలదు బిడ్డా, అడుగుకొచ్చినంక చూస్తుండంగనే పోతది.’ ఈ మాటలో అంకె ఏమీ లేదు గాని, నమూనాను నిలదీయడానికి కావలసిన సాక్ష్యం ఉంది. నీళ్లు మొదట నెమ్మదిగా, చివర వేగంగా తగ్గుతాయన్న ఆ పోకడను తొట్టి ఎప్పటికీ చూపించలేదు. వివరాన్ని చేర్చడానికి నాకు తెలిసిన సరైన కారణం ఇదొక్కటే: మనకు గట్టిగా తెలిసిన ఒక పోకడను ఉన్న నమూనా చూపించలేకపోవడం.

చేర్చవలసిన వివరం చెరువు ఆకారం. మన చెరువులు గిన్నెల వంటివి. శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గాక బయటపడే నేల వైపు పల్చగా, కట్ట వైపు లోతుగా ఉంటాయి. విస్తీర్ణం లోతుకు అనుపాతంలో తగ్గుతుందని తీసుకుంటే, 4 మీటర్ల దగ్గర 40 హెక్టార్లు, 2 మీటర్ల దగ్గర 20, 1 మీటరు దగ్గర 10. నీటి పరిమాణం లోతు వర్గాన్ని 5తో గుణిస్తే హెక్టారు-మీటర్లలో (ఒక్కోటి 10,000 ఘనపు మీటర్లు) వస్తుంది. 4 మీటర్ల దగ్గర 80, 2 మీటర్ల దగ్గర 20 మాత్రమే. లోతు సగానికి వచ్చేసరికి నీళ్లు నాలుగో వంతుకు వచ్చాయన్న మాట.

పట్టికలో ఒక్కో రోజుకు ఒక్కో వరుస. మొదటి రోజు పరిమాణం 80 హెక్టారు-మీటర్లు. ఆవిరి, ఇంకుడు 40 హెక్టార్ల మీద 0.32, తూము 0.5, కలిపి 0.82 పోగా 79.18 మిగులుతుంది, దాన్ని 5తో భాగించి వర్గమూలం తీస్తే లోతు 3.98 మీటర్లు. రెండు సెంటీమీటర్లు తగ్గింది. ఇప్పుడు కిందికి వచ్చి, లోతు సరిగ్గా 1 మీటరు ఉన్న వరుస చూడండి. పరిమాణం 5, ఆవిరి, ఇంకుడు 0.08, తూము 0.5, మిగిలింది 4.42, లోతు 0.94 మీటర్లు. ఒక్కరోజులో ఆరు సెంటీమీటర్లు. మొత్తం లెక్క చేస్తే మొదటి మీటరు తగ్గడానికి సుమారు 45 రోజులు, రెండోదానికి 36, మూడోదానికి 24, చివరి మీటరుకు 9 రోజులు పడతాయి. ముసలాయన చెప్పిన మాట ఇప్పుడు నమూనా నోటి నుంచి వస్తోంది. మీటరు లోతు నిలిచేది దాదాపు 104 రోజులు. ఆ గుర్తు దాటాక సంఘం చేతిలో మిగిలేది వారం పైన రెండు రోజులు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. తూము మూసి ఉంచితే ఆకారానికి ఏ పాత్రా ఉండదు. ఆవిరి, ఇంకుడు విస్తీర్ణాన్ని బట్టే పోతాయి కాబట్టి గిన్నె అయినా తొట్టి అయినా మట్టం రోజుకు అదే 8 మిల్లీమీటర్లు తగ్గుతుంది. తూము తెరిచినప్పుడే, ఒకే పరిమాణం నీరు చిన్న విస్తీర్ణం నుంచి పోవలసి వచ్చినప్పుడే ఆకారం ముఖ్యమవుతుంది. ఒకే వివరం ఒక చెరువుకు ప్రాణం, ఆయకట్టు లేని పక్క కుంటకు అనవసరపు బరువు. ‘వాస్తవంలో ఉంది కాబట్టి నమూనాలో ఉండాలి’ అనే వాదన నిలవదని చెప్పడానికి నేను తరగతిలో వాడే ఉదాహరణ ఇదే.

కాలాన్ని ఎంత ముక్కలుగా కోయాలన్నది కూడా వివరానికి సంబంధించిన నిర్ణయమే. నెలకు ఒక వరుస చొప్పున లెక్కిస్తే మీటరు లోతు దగ్గర రోజుకు 5.8 సెంటీమీటర్లు, నెలకు 1.74 మీటర్లు తగ్గాలి. చెరువులో అన్ని నీళ్లే లేవు, పట్టికలో లోతు సున్నాకన్నా కిందికి పోతుంది. తొమ్మిది రోజుల్లో జరిగే సంగతిని నెలల కొలబద్దతో పట్టుకోలేము.

దేన్ని కొలవాలి, దేన్ని వదలాలి

నమూనా నడిచాక ప్రతి అంకెను ఒక్కొక్కటిగా కదిపి జవాబు ఎంత కదిలిందో చూడాలి. ఆవిరి, ఇంకుడును 8 నుంచి 10 మిల్లీమీటర్లకు, అంటే పావు వంతు పెంచితే మీటరు లోతు నిలిచే రోజులు 104 నుంచి 97కు దిగుతాయి. తూము నీటిని పావు వంతు పెంచితే 89కి దిగుతాయి. ఒకటి వారం, మరొకటి రెండు వారాల పైన. మనకు కావలసిన కచ్చితత్వం వారం అటూ ఇటూ కాబట్టి, ఆవిరి కొలిచే పరికరం కోసం డబ్బు వెచ్చించే ముందు తూము దగ్గర పది రోజులు కూర్చుని ఎంత నీరు పోతోందో కొలవడం మేలు. శ్రమ ఎక్కడ పెట్టాలో నమూనాయే చెబుతుంది.

ఆవిరిని, ఇంకుడును విడివిడిగా పెట్టవచ్చు కదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. అవి వేరు వేరు ప్రక్రియలన్నది నిజమే. కాని మన దగ్గర ఉన్న కొలత నీటి మట్టం ఒక్కటే; తూము మూసిన రోజుల్లో మట్టం 8 మిల్లీమీటర్లు తగ్గిందంటే అది 5, 3 కావచ్చు, 6, 2 కావచ్చు. ఆ రెంటినీ విడదీసే సమాచారం కొలతల్లోనే లేదు. విడదీసి రాస్తే పట్టికలో గడులు పెరుగుతాయి, తెలిసినది పెరగదు. నా ఇరవై పరామితుల నమూనా ఏ అంకెకైనా లొంగడానికి కారణం ఇదే. అందులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి, ఒకటి పెరిగితే మరొకటి తగ్గి లెక్కను సరిచేసేవి. ఆవిరికి వేరే కొలత ఉన్నప్పుడు, లేదా ఎండాకాలం, చలికాలం తేడా ప్రశ్నకు అవసరమైనప్పుడు మాత్రమే విడదీయండి. కొత్త పరామితి ప్రతిదీ తన బరువుకు తగ్గ మెరుగుదల చూపించాలన్న ఈ ఆలోచనకు జపాన్ గణాంకవేత్త హిరోత్సుగు అకాయికే 1970లలో ఒక కొలమానాన్ని ఇచ్చాడు. కొలతలకు ఎంత బాగా సరిపోయిందో చూసి, పరామితుల సంఖ్యను బట్టి అందులో కోత పెట్టడం దాని సారం. మీ దగ్గర రెండు మూడు పోటీ నమూనాలు ఉంటే దాన్ని వాడండి, చాలా సాఫ్ట్‌వేర్లలో అది సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు నా చెరువు నెల ముందే ఎండిన కారణం. పై లెక్కలో తూము గడప చెరువు అడుగునే ఉందని చెప్పకుండానే అనుకున్నాము. గడప అడుగు నుంచి మీటరు ఎత్తున ఉందనుకోండి. అప్పుడు చివరి మీటరు నీరు తూములోకి ఎక్కదు. ఆవిరి, ఇంకుడు మాత్రమే దాన్ని తీయాలి, 8 మిల్లీమీటర్ల చొప్పున 125 రోజులు. తొమ్మిది రోజులకూ నూట ఇరవై ఐదు రోజులకూ మధ్య తేడా ఒక్క రాయి ఎత్తు. నేను ఆ గడప ఎత్తు కొలిచాను, నమూనాలో పెట్టాను, మొదటి ఏడాది అది సరిగ్గానే పనిచేసింది. రెండో ఏడాది వానలు తక్కువై, తూము కిందికి నీళ్లు దిగాక శిఖంలో రైతులు మోటార్లు పెట్టి తోడుకున్నారు. ఆ మాట నాకు చెప్పింది నీరటి (తూము తెరిచి మూసి నీళ్లు పంచే మనిషి), అదీ నేను అడిగాక, చెరువు ఎండిన తర్వాత. నా నమూనాలో ప్లవకాలు ఉన్నాయి, కొంగలు ఉన్నాయి; మోటార్లు లేవు. అప్పటి నుంచి ఏ నమూనా మొదలుపెట్టినా పుస్తకం తెరవకముందు నీరటి దగ్గర కూర్చుంటున్నాను. తూము ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, గడప దిగాక ఎవరు తోడుకుంటారు, పూడిక తీశాక ఎక్కడ గుంతలు పడ్డాయి అనే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. చివరిది ముఖ్యం, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో పాత విస్తీర్ణ పట్టికలు ఇప్పటి అడుగుకు సరిపోవు.

చేపలు

నీటి లెక్క నిలబడ్డాకే చేపల దగ్గరికి రావాలి. పాఠ్యపుస్తకం తెరవగానే కనబడేది 1838 నాటి వెర్‌హల్స్ట్ సమీకరణం: జీవుల సంఖ్య మొదట వేగంగా పెరిగి, ధారణ సామర్థ్యం (ఆ చోటు పోషించగల గరిష్ఠ సంఖ్య) దగ్గర పడేకొద్దీ నెమ్మదిస్తుంది. దాన్ని అలవాటుగా తెచ్చి చెరువులో పెట్టేస్తారు. కాని వానకాలంలో మన చెరువుల్లో వదిలే బొచ్చె, రోహు, మృగాల చేపలు నిలకడ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు; వాటికి నది ప్రవాహం కావాలి. పుట్టుక లేని చోట పుట్టుకల సమీకరణం ఎందుకు? వదిలిన పిల్లల సంఖ్య, నెల నెలా బతికే భాగం, ఈ రెండే సరిపోతాయి. నెలకు 100కు 90 బతికితే ఆరు నెలలకు 53 మిగులుతాయి, 80 బతికితే 26. జవాబు సగానికి పడిపోయింది, కాబట్టి కష్టమైనా కొలవవలసింది ఇదే. ఇక్కడ ఒక వివరం చేర్చడం న్యాయం: మొదటి నెల బతుకును, ఆ తర్వాతి నెలల బతుకును వేరు చేయడం. వేలెడంత పిల్లలు పెద్ద చేపలకు, నీటి పక్షులకు తేలికగా దొరుకుతాయి, పెరిగాక ఆ ముప్పు చాలా తగ్గుతుంది.

కొర్రమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ కొర్రమట్ట చెరువులోనే గుడ్లు పెడుతుంది, తల్లిదండ్రులు పిల్లల గుంపును కాపలా కాస్తాయి, గాలి పీల్చగలదు కాబట్టి బురద నీటిలోనూ నిలదొక్కుకుంటుంది. దీనికి పుట్టుకల లెక్క కావాలి, పైన పెట్టిన మీటరు లోతు హద్దు దీనికి వర్తించదు. ఒకే చెరువులో రెండు చేపలకు రెండు వేరు నమూనాలు ఉండటంలో తప్పేమీ లేదు.

ఆ మీటరు హద్దు గురించి కూడా ఒక మాట చెప్పాలి. నీళ్లు తగ్గి వేడెక్కినప్పుడు తెల్లవారుజామున ఆమ్లజని పడిపోయి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతాయి. ఆ ప్రక్రియను గంట గంటకూ లెక్కించవచ్చు. నేను దాని స్థానంలో ‘మీటరు దిగితే చేపలకు ప్రమాదం’ అనే హద్దును పెట్టాను. ఒక పెద్ద యంత్రాంగాన్ని ఒక హద్దుతో మార్చడం మంచి ఉపాయం, అయితే ఆ హద్దు ఏ పరిస్థితుల్లో చెల్లుతుందో పక్కనే రాయాలి. మురుగు నీరు కలిసే చెరువులో రెండు మీటర్ల లోతున కూడా చేపలు చావవచ్చు.

ఎప్పుడు పెద్ద నమూనా తప్పదు

ఇంతవరకు చదివి, చిన్నదే ఎప్పుడూ మంచిదని అనుకుంటే నేను సరిగ్గా చెప్పలేదన్న మాట. 1964 నుంచి 1974 దాకా సాగిన అంతర్జాతీయ జీవశాస్త్ర కార్యక్రమంలో గడ్డిభూములు, అడవులకు భారీ నమూనాలు కట్టారు. వాటిని అర్థం చేసుకోవడం, సరిచూడటం కట్టినవారికే కష్టమైంది. అది ఒక అంచు. రెండో అంచున మరీ చిన్న నమూనా అసలు జరిగేదాన్నే మింగేస్తుంది.

వరంగల్ భద్రకాళి చెరువు వంటి పట్టణ చెరువును తీసుకుందాం. వచ్చే భాస్వరాన్ని, లోతును, నీరు మారే వేగాన్ని బట్టి నీటిలో భాస్వరం ఎంత ఉంటుందో 1970ల నాటి వోలెన్‌వైడర్ సూత్రం ఒక్క గీతలో చెబుతుంది. చాలా ప్రశ్నలకు అది చాలు. కాని లోతు తక్కువ చెరువుల్లో నీటి అడుగు మొక్కలు నీటిని తేటగా ఉంచుతాయి, తేట నీరు ఆ మొక్కలకు వెలుతురు ఇస్తుంది. ఒకసారి నీరు పచ్చబడితే మొక్కలు చచ్చి, అడుగు మట్టి పైకి లేచి, పచ్చదనం తనను తానే నిలుపుకుంటుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్ 1990లలో విపులంగా చూపిన ఈ రెండు స్థితుల వల్ల, వచ్చే భాస్వరాన్ని తగ్గించినా చెరువు వెంటనే తేటపడకపోవచ్చు. మురుగు ఆపితే ఏమవుతుందని అడిగేవారికి ఒక్క గీత సూత్రం తప్పు జవాబు ఇస్తుంది. అయితే ఇక్కడ చేర్చవలసింది పది జాతుల శైవలాలను (నాచును) కాదు. మొక్కలకూ తేటదనానికీ మధ్య ఉన్న ఆ తిరుగు ప్రభావం ఒక్కటి.

అడవిలోనూ ఇంతే. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు నమూనా కట్టేవారు పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను తింటుందని, మందలో పదో వంతు కన్నా ఎక్కువ తినకూడదని లెక్కవేసి, ఒక్కో పులికి దాదాపు 500 దుప్పులు, మనుబోతుల వంటివి ఉండాలని తేలుస్తారు. ఈ చిన్న లెక్క ఎంతో విలువైనది, అడవి ఎన్ని పులులను పోషించగలదో చెబుతుంది. అక్కడ పులులు ఎన్ని ఉంటాయో మాత్రం చెప్పదు, ఎందుకంటే కవ్వాల్‌కు పులులు మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి అడవి దారుల వెంట వస్తాయి. కూనలు, యౌవన పులులు, ముదురు పులులు అని వయసు వర్గాలు చేర్చడం కన్నా ముందు ఆ దారిని, రాకపోకలను చేర్చాలి. మూసిన పెట్టెలో ఎంత వివరం నింపినా తలుపు లేని లోటు తీరదు.

సమీకరణం చిన్నదైతే ప్రవర్తన కూడా చిన్నదే అనుకోవడం మరో పొరపాటు. జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1976లో ఒకే పరామితి ఉన్న వెర్‌హల్స్ట్ తరహా లెక్కను ఏడాదికోసారి జరిగే అడుగులతో నడిపి చూపించాడు: పరామితి 2.5 ఉంటే సంఖ్య ఒకచోట స్థిరపడుతుంది, 3.2 ఉంటే రెండు విలువల మధ్య ఊగుతుంది, 3.9 ఉంటే ఏ క్రమమూ లేకుండా ఎగిరిపడుతుంది. మీ నమూనాలో సంఖ్యలు పిచ్చిగా ఊగితే వెంటనే కొత్త వివరాలు చేర్చకండి. మొదట కాలపు అడుగును సగానికి తగ్గించి చూడండి.

సరిచూడటం, అప్పగించడం

ఉన్న ఏళ్ల కొలతల్లో ఒక ఏడాదిని మొదటి నుంచీ పక్కన పెట్టి, అంకెలు సరిచేసేటప్పుడు దాని వైపు చూడకూడదు. కొలతలు తక్కువగా ఉన్న చోట జ్ఞాపకాలు కూడా పనికివస్తాయి: ఉగాదికి ముందే ఎండిన ఏడాది ఏది, ఎండాకాలమంతా నీళ్లు నిలిచిన ఏడాది ఏది అన్నది ఊరంతా ఒకే మాటగా చెబుతుంది. నమూనా ఆ రెండు ఏళ్ల తేడాను చూపించగలగాలి. ఒక గట్టి అంకెకు సరిపోవడం కన్నా నాలుగైదు విడివిడి పోకడలకు ఒకేసారి సరిపోవడం కష్టం, అందుకే అది మంచి పరీక్ష. ఆ తర్వాత తిరుగు పని కూడా చేయాలి. చేర్చిన ప్రతి వివరాన్ని ఒక్కసారి తీసేసి నడపండి, జవాబు వారంలోపే కదిలితే అది బయటే ఉండనివ్వండి.

వదిలేసిన వాటి జాబితా నమూనా మొదటి పేజీలో ఉండాలి, కారణంతో సహా. ఈ ఉదాహరణలో అది ఇలా ఉంటుంది: వరద లేదు, ఎందుకంటే లెక్క మత్తడి ఆగాక మొదలవుతుంది, అకాల వానలు లేవు, ఆవిరి, ఇంకుడు విడదీయలేదు, మోటార్లు ఉంటే గడప కింది నీటికి లెక్క మార్చాలి, మురుగు కలిస్తే మీటరు హద్దు చెల్లదు. తర్వాత వచ్చేవారు ఎక్కడ తవ్వాలో దీన్ని చూసి తెలుసుకుంటారు.

సంఘానికి మాత్రం పట్టిక ఇవ్వనక్కరలేదు, 104 అనే అంకె కూడా ఇవ్వకూడదు. తూము లెక్కలో, ఆవిరిలో ఉన్న తేడాలను కలుపుకుని ‘మత్తడి ఆగినంక రెండు నెలలు దాటిన కాడ నుంచి కొలబద్దను రోజూ చూడాలె, మీటరున్నర గీత కనబడ్డప్పుడు వలలు సిద్ధం జేసుకోవాలె, మీటరు గీత దిగకముందే పట్టుడు పూర్తి గావాలె’ అని చెప్పాలి. ఆ రెండు గీతలను కొలబద్ద మీద ఎర్ర రంగుతో వేసి, తూము గడప ఎత్తును తెల్ల రంగుతో వేస్తే, ఎక్సెల్ తెరవని వారికి కూడా నమూనా కట్ట మీదే కనబడుతుంది. వచ్చే వానకాలం చెరువు నిండేలోపు అడుగు బయటపడి ఉన్నప్పుడే గుంతలను, గడపను మళ్లీ కొలిచి, గీతలు మార్చవలసి ఉంటే మార్చాలి.